కెమెరా ముందున్న మనిషి ఎవరి లెక్కలో?

మా పెద్దమ్మకి ఫోను లేదు. వీడియోలో మాత్రం ఉంది. మబ్బులు చూడ్డానికి పాడేరు కొండలకొచ్చిన కుర్రాళ్లు, వాకిట్లో కూర్చుని చోడి అంబలి తాగుతున్న ఆమెను ఫోనులో తీసుకుపోయారు. "అడవి మనుషులు ఏం తాగుతారో చూడండి" అని దానికి పేరు పెట్టారు. ఆమె వాళ్లను మా భాషలో "తాగుతారా బాబూ" అని అడిగింది. ఆ మాట వాళ్లకి అర్థం కాలేదు. దాని మీద కోతి అరుపు అతికించారు. పట్నంలో చదువుతున్న మా చెల్లెలు హాస్టల్లో అందరితో కలిసి ఆ వీడియో చూసింది. అది మా పెద్దమ్మ అని చెప్పలేకపోయింది. వీడియో కంటే ఆ చెప్పలేకపోవడమే నన్ను ఎక్కువ మండించింది.

వీడియో వేదికల్లో మనుషుల భద్రత గురించి ఇప్పుడు పెద్ద పెద్ద చదువులవాళ్లు పరిశోధనలు చేస్తున్నారు. చెయ్యాల్సిందే. కానీ వాళ్ల పత్రాల్లో కనిపించే మాట 'యూజర్'. ఎవరా యూజర్? వీడియో పెట్టేవాడు, చూసేవాడు. మా పెద్దమ్మ ఈ రెండూ కాదు. ఆమెకు ఖాతా లేదు కాబట్టి ఆమెకు జరిగింది హాని కిందికి రాదా?

మొజిల్లా సంస్థ 2021లో యూట్యూబ్ మీద ఒక అధ్యయనం వేసింది. 37,380 మంది తమ బ్రౌజరులో ఒక చిన్న పనిముట్టు పెట్టుకున్నారు, వాళ్లలో కొందరు 91 దేశాల నుంచి తాము చూసి బాధపడ్డ వీడియోల గురించి చెప్పారు. వాటిలో 71 శాతం యూట్యూబే ముందుకు తోసినవి. ఇంగ్లీషు ప్రధాన భాష కాని దేశాల్లో ఈ బెడద 60 శాతం ఎక్కువ. మంచి పని, మన వాదనకు బలమిచ్చే పని. అయితే అది చూసి బాధపడ్డవాళ్ల లెక్క. తమను చూపించినందుకు బాధపడ్డవాళ్ల లెక్క ఎవరు తీశారు?

జారవాల సంగతి తీసుకోండి. అండమాన్ రోడ్డు మీద జారవా ఆడవాళ్లను తిండి ఆశ చూపి ఆడిస్తున్న వీడియో 2012 జనవరిలో లండన్ పత్రిక ద్వారా బయటికొచ్చింది. వాళ్ల రక్షణకు 1956 నుంచే నిబంధన ఉంది. అయినా 2017లో జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ కల్పించుకుని, యూట్యూబ్‌లో ఉన్న అలాంటి వీడియోలు తీయించమని కేంద్రాన్ని అడగాల్సి వచ్చింది. జారవాల్లో ఎవరూ రిపోర్టు బటన్ నొక్కలేదు. ఎలా నొక్కుతారు? యూట్యూబ్ నియమం ప్రకారం మామూలుగా వీడియోలో ఉన్న మనిషే ఫిర్యాదు చెయ్యాలి. కంప్యూటరు అందుబాటులో లేనివాళ్ల తరఫున వేరొకరు చెయ్యొచ్చని మినహాయింపు ఉంది, నిజమే. ముందు తన వీడియో ఒకటి ఊరంతా తిరుగుతోందని ఆ మనిషికి తెలియాలి కదా!

భాష సంగతి ఇంకా ఘోరం. హిందీ, బెంగాలీల్లో విద్వేషాన్ని పట్టే పనిముట్లే చాలినంతగా లేవని 2021లో ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టాయి. గోండి మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లోనే 29 లక్షలు దాటారు. అయినా ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఇక కువి, కొలామీ మాటల్ని ఏ యంత్రం వింటుంది?

"మనవాళ్లూ వీడియోలు పెడుతున్నారుగా" అంటారు. పెడుతున్నారు, పెట్టాలి. కోయ పాట, లంబాడీ పాట ఫోనులో వింటుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. నేను అడుగుతున్నది వీడియోలు ఆపమని కాదు. తీసేవాడు అడిగి తియ్యాలి, తీయబడ్డ మనిషికి తీసెయ్యమనే హక్కు ఉండాలి. పరిశోధకుడు ఆ మనిషి దగ్గరికి కూడా రావాలి.

వస్తే ఎలా వస్తాడన్నది ఇంకో భయం. థర్‌స్టన్ దొర మద్రాసు రాజధానిలో కులాల, తెగల మనుషుల ముక్కులూ తలలూ కొలిచాడు, 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. కొలిపించుకున్నవాళ్లకి ఏం దక్కింది? మళ్లీ టేపు పట్టుకుని వచ్చేవాళ్లు మనకొద్దు. ప్రశ్నలు మన భాషలో ఉండాలి, అడిగేవాళ్లలో మన పిల్లలుండాలి, తేలిన సంగతి ముందు ఊరికి చదివి వినిపించాలి.

ఆశ్రమ పాఠశాలల మాస్టార్లూ, ఇది మీ వల్ల అయ్యే పని. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. మన ఊళ్ల పేరుతో ఉన్న వీడియోలు వెతకమనండి. అందులో ఉన్నది ఎవరు, అడిగి తీశారా, ఆ మనిషి అన్న మాటకి అసలు అర్థం ఏమిటి, ఇవి రాయమనండి. 1996 పెసా చట్టం మన ఆచారాల్ని, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ నోటుబుక్కు గ్రామసభ ముందు పెట్టండి.

మా ఊళ్లో పెట్టాం. అనుమతి లేకుండా షూటింగు వద్దంటే టూరిస్టులు రారని గుడారాలు అద్దెకిచ్చే కుర్రాళ్లు అడ్డం తిరిగారు. వాళ్ల కడుపు బాధ వాళ్లది, కసురుకోలేకపోయాను. మాట తెగలేదు. వచ్చే నెల మళ్లీ కూర్చుంటున్నాం. ఈసారి పెద్దమ్మ కూడా వస్తానంది.