జ్ఞా చేసిన నేరమేమిటి?

ఆదివారం నాంపల్లి స్టేషన్లో దిగి, ఆబిడ్స్ పాత పుస్తకాల దాకా నడిచిపోవడం నాకు ఏళ్ళనాటి అలవాటు. మొన్న అక్కడి కాలిబాటపై దొరికిన ఒక పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఉంది. పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు. పాత యజమాని ఎవరో గాని, ఆ పట్టిక ప్రకారం పుస్తకమంతా పెన్సిలుతో దిద్దుకోవడమే గాక, పట్టికకెక్కని మరో రెండు తప్పులను అడుగున తానే చేర్చాడు.

అది చూడగానే 2018 ఫిబ్రవరి గుర్తుకొచ్చింది. అప్పట్లో ఇదే ఆబిడ్స్‌లో ఒక ఫోన్ల దుకాణం కుర్రవాడు "సార్, ఐఫోన్ ఉన్నోళ్ళకు తెలుగుల మెసేజ్ పెట్టకండి, ఫోన్ ఖరాబైతది" అని హితవు చెప్పాడు. పత్రికలు సైతం ఫోన్లను కూల్చే తెలుగు అక్షరమంటూ దండోరా వేశాయి.

జరిగినదేమిటి? ఐఓఎస్ 11.2.5లో జ, పొల్లు, ఞ, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపై దీర్ఘం - ఈ ఐదూ ఇదే వరుసలో వస్తే, అక్షరాలను తెరపై పేర్చే ప్రోగ్రాము కూలిపోయేది. ఆ సందేశమున్న యాప్ మళ్ళీ తెరుచుకోవడమే గగనం. మనం మామూలుగా రాసే 'జ్ఞానం'లో ఆ నాలుగవ గుర్తు ఉండనే ఉండదు! ('సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపేది అదే.) మనీశ్ గోరేగావ్కర్ అనే ప్రోగ్రామరు వేర్వేరు అక్షరాలతో పరీక్షించి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి వరుసలకు ఇదే గతి పడుతోందని తేల్చాడు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దోషాన్ని సవరించింది. అపకీర్తి మాత్రం మన అక్షరానికి మిగిలింది.

అయినా నా ఫిర్యాదు ఆపిల్ మీద కన్నా మన మీదే ఎక్కువ. తెరపై తెలుగు కాస్త చెదరగానే మనం రోమను లిపిలోకి దూకేస్తాము. ఒత్తు ఊడిపోయినా, గుణింతం పక్కకు జరిగినా "తెలుగుతో ఇంతే" అని సరిపెట్టుకుంటాము. అమెరికాలో ఎక్కడో కూర్చుని ఆ ప్రోగ్రాము రాసినవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? వాడికి తెలుగు చదవడం రాదే!

అందుచేత ఈసారి తెలుగు చెదిరితే రోమనులోకి మారకండి. తెర బొమ్మ తీయండి. ఏ పదం, ఏ యాప్, ఏ వెర్షన్, ఏ కీబోర్డుతో రాశారో నాలుగు ముక్కలు రాసి ఆ సంస్థకు పంపండి. జవాబు రాకపోతే మళ్ళీ పంపండి.