కాలువగట్టుపై ఒక పాఠము

ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తియైనదని బడిలో వల్లించి మార్కులు తెచ్చుకొంటిమి. మొన్న ముగ్గురు మిత్రులము అచటినుండి కడియము వైపు కాలువగట్టు వెంట సైకిళ్ళపై పోయినప్పుడుగాని ఆ పాఠము మాకు అర్థము కాలేదు.

లాకుల యొద్ద దిగి చూచితిమి. ఎగువ నీటిమట్టము ఎత్తు, దిగువ తక్కువ. నీరు పల్లమెరుగునని సామెత. ఆ పల్లమును కొలిచి నీటిని మెట్లుమెట్లుగా దింపినది మనుష్యుని విద్య. పిల్లకాలువ చివర పొలము గల రైతొకడు, "పైవాళ్ళ చేలు తడిశాకే మా వంతండీ" అనెను. ఈ మాట మా పాఠ్యపుస్తకమున లేదు.

బస్సులో పోవువానికి ఇది కనబడదు. రహదారిపై లారీల భయము నిజమే. ఆదివారము ఉదయమున, గట్టుదారిన, ఉపాధ్యాయుడు ముందుండి నడిపించినచో అది తగ్గును. ఆనకట్ట కట్టిన సంవత్సరము చెప్పగలిగి, చివరి పొలమునకు నీరేల ఆలస్యమగునో చెప్పలేని బాలుని చదువు సగము చదువే.