రాళ్లపై గాలపు వేట: పడవలకు అందుతున్న హెచ్చరిక ఒడ్డున నిలిచినవారికి అందడం లేదు

చిలకలూరిపేట: పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. అయినప్పటికీ చిలకలూరిపేట ప్రాంత ప్రజలకు సముద్రం దూరమైనదేమీ కాదు. చీరాల నుంచి పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా పిడుగురాళ్లకు సాగే 167ఎ జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణిస్తే వాడరేవు తీరానికి చేరుకోవచ్చును. సెలవు దినాలలో ఈ దారిన వెళ్లేవారిలో స్నానాలకు వెళ్లేవారే అధికులు. గాలం, ఎర వెంట తీసుకువెళ్లేవారు కొద్దిమందే కావచ్చును గాని, వారికి ఎదురయ్యే ప్రమాదం వేరు. దానిపై జరుగుతున్న చర్చ కూడా స్వల్పమే.

నాగార్జునసాగర్ కుడి కాలువ గట్టునో, చెరువు కట్టపైనో గాలం వేయడం నేర్చినవారు సముద్రం వద్ద కూడా అదే అలవాటును కొనసాగిస్తారు. నీటి అంచున అనువైన రాయి చూసుకుని కూర్చుంటారు. చూపంతా బెండు మీదనే ఉంటుంది. కాలువలో నీటిమట్టం మారినా క్రమంగా మారుతుంది కనుక అక్కడ ఈ పద్ధతి చాలావరకు చెల్లుతుంది. సముద్రపు రాళ్లపై చెల్లదు.

బాపట్ల జిల్లా తీరం ప్రధానంగా ఇసుక తీరం. సహజమైన రాతి తీరం చూడాలంటే విశాఖపట్నం వైపు వెళ్లవలసిందే. యారాడ, రుషికొండ, భీమునిపట్నం పరిసరాలలో తూర్పు కనుమల ఖొండలైటు శిలలు సముద్రాన్ని తాకుతూ ఉంటాయి. అయితే ఇటీవలి సంవత్సరాలలో ఇసుక తీరంలోనూ రాతి గట్లు వెలిశాయి. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె చేపల రేవు, కృష్ణా జిల్లా మచిలీపట్నం ఓడరేవు నిర్మాణాలలో భాగంగా అలల తాకిడిని ఆపేందుకు పెద్ద బండరాళ్లతో అడ్డుకట్టలు వేశారు. చేపల రేవుల నిర్మాణానికి ప్రతిపాదించిన ప్రదేశాల జాబితాలో వాడరేవు కూడా ఉన్నది. రాళ్ల సందులలో చేపలు చేరతాయి, చేపల కోసం గాలాలు వస్తాయి. ఇంతకాలం విశాఖ తీరానికే పరిమితమనుకున్న సమస్య దక్షిణ తీరానికి కూడా వర్తిస్తుందని అధికారులు గుర్తించవలసి ఉన్నది.

ఇసుక తీరంలో అల దూరంగానే విరిగి, బలం కోల్పోయి ఒడ్డుకు చేరుతుంది. రాతి అంచున నీరు లోతుగా ఉంటుంది కనుక అల నేరుగా వచ్చి రాతిపైనే విరుగుతుంది. జారిపడిన వ్యక్తిని వెనుదిరిగే నీరు లోనికి లాగుతుంది, తదుపరి అల రాతికేసి కొడుతుంది. పాకుడు పట్టిన రాయి చేతికి చిక్కదు, అంటుకుని ఉన్న గుల్లలు చర్మాన్ని కోస్తాయి. ఈత వచ్చినవారు సైతం ఇక్కడ నిస్సహాయులవుతారు. వెంటనే రాయి ఎక్కాలని ప్రయత్నించక, రాతికి దూరంగా ఈది, తేలుతూ సహాయం కోసం వేచి ఉండడమే మేలని నిపుణులు చెప్పడానికి కారణమిదే.

మన తీరంలో ఆటుపోట్ల వ్యత్యాసం మరీ ఎక్కువ కాదు. పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటు సమయంలో సైతం విశాఖపట్నం వద్ద అది రెండు మీటర్లకు మించదు. అసలు ప్రమాదం దూరం నుంచి వచ్చే ఉబ్బు అలలతో వస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన తుపాను గాలుల ప్రభావం రోజుల తరువాత, వేల కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతపు ఒడ్డున కనిపించవచ్చును. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు. పలు నిమిషాలు సముద్రం ప్రశాంతంగా కనిపించి, ఒక్కసారిగా పెద్ద అలలు వరుసగా వస్తాయి. వచ్చిన అయిదు నిమిషాలకే చోటు నిర్ణయించుకున్నవారు ఈ అలలను చూసి ఉండరు.

అలల ఎత్తుపై వెలువడే సూచనలను పత్రికలు వాడే తీరును కూడా ఇక్కడ ప్రస్తావించవలసి ఉన్నది. హైదరాబాదులో 1999లో ఏర్పాటైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్ర స్థితి సూచనలను, ఎత్తయిన అలల హెచ్చరికలను జారీ చేస్తున్నది. సూచనలో అలల ఎత్తు రెండు మీటర్లని ఉంటే, అంతకు మించిన అల రాదని పాఠకుడు భావిస్తాడు. అది సరికాదు. ఆ సంఖ్య గరిష్ఠ ఎత్తు కాదు. మొత్తం అలలలో అతి పెద్దవైన మూడింట ఒక వంతు అలల సగటు ఎత్తు. విడిగా ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు ఎత్తుకు లేవవచ్చును. అంటే రెండు మీటర్ల సూచన ఉన్న రోజున నాలుగు మీటర్లకు చేరువైన అల రావడం వింత కాదు. వార్తలో ఈ ఒక్క వాక్యం చేర్చితే చాలు, సూచనకు అర్థం మారుతుంది.

"మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అన్న ప్రకటన పడవలను ఉద్దేశించినది. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట క్రమబద్ధీకరణ చట్టం, 1994 కూడా ప్రధానంగా పడవల గురించినదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు అమలయ్యే వేట నిషేధం మర పడవలకు వర్తిస్తుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మరణానికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా సైతం పేరు నమోదైన మత్స్యకారులకే. ఆదివారం నాడు పేట నుంచి మోటారు సైకిలుపై వెళ్లి రాయిపై నిలిచిన వ్యక్తి వీటిలో దేని పరిధిలోకీ రాడు. నిషేధం అతనిని ఆపదు, బీమా అతని కుటుంబాన్ని ఆదుకోదు, ప్రకటన విన్నా అది తనకు కాదనుకుంటాడు.

ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం ఇదే సమస్యపై 2016లో ప్రత్యేక చట్టం చేసినది. ప్రమాదకరమైనవిగా ప్రకటించిన ప్రాంతాలలో రాళ్లపై చేపలు పట్టేవారు లైఫ్ జాకెట్ ధరించడం తప్పనిసరి. సిడ్నీ నగరంలోని రాండ్‌విక్ ప్రాంతంలో ఇది మొదట అమలులోకి వచ్చినది. అక్కడి రాతి అంచులలో పలుచోట్ల తేలే రక్షణ వలయాలను కూడా స్తంభాలకు అమర్చి ఉంచారు. మన తీరంలో చట్టం అవసరమా అన్నది వేరే చర్చ. తాడు కట్టిన రక్షణ వలయం ఒకటి, తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు ఒకటి అడ్డుకట్ట మొదట్లో ఉంచడానికి కొత్త చట్టంతో పనిలేదు. రేవు నిర్మాణ అంచనాలలోనే ఈ కొద్దిపాటి వ్యయాన్ని చేర్చడం సులభం. నిర్మాణం పూర్తయ్యాక అది ఏ శాఖ బాధ్యత అన్న ప్రశ్న తలెత్తుతుంది.

వెళ్లదలచినవారు ముందుగా కనీసం పావుగంట సేపు ఎత్తయిన చోట నిలిచి అలలను గమనించాలి. తడిసి నల్లగా కనిపించే రాతి వరకు అల వస్తున్నదని అర్థం. దానికి పైననే నిలవాలి. ఒంటరిగా వెళ్లరాదు, సముద్రానికి వీపు చూపరాదు, తెగిన గాలం కోసం కిందకు దిగరాదు. తోటివారు పడిపోతే వెంట దూకడం వలన ఒకరికి బదులు ఇద్దరు ఆపదలో పడతారు. తాడు గాని, తేలే వస్తువు గాని విసిరి, వెంటనే 112కు, సముద్రంలో గాలింపునకు తీర రక్షక దళం నంబరు 1554కు ఫోన్ చేయాలి.