ఉయ్యాలకు కొక్కెం మరిచిపోకండి

కోయంబత్తూరులో మా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నాము. ముందు హాలుకు పిల్లలు ప్లాను గీయించుకొచ్చారు. టీవీకి ఒక గోడ, దానికెదురుగా సోఫా, పైన ఫాల్స్ సీలింగు. ఉయ్యాల బల్లకు మాత్రం చోటు లేదట!

నేను ఒప్పుకోలేదు. అందానికి కాదు. మాకు బడిలో తమిళం, వీధిలో తమిళం. తెలుగు మేము నేర్చింది ఆ టేకు బల్ల మీద, అవ్వ పక్కన కూచుని ఊగుతూనే. సోఫాలో కూచుంటే అందరి చూపూ టీవీ మీదే. ఉయ్యాల మీద ఇద్దరు కూచుంటే మాట దానంతటదే వస్తుంది. ఇప్పటికే మనవలు దాన్ని ఊంజల్ అంటున్నారు. బల్ల కూడా పోతే ఉయ్యాల అన్న మాట వాళ్ళకు ఎవరు చెప్తారు?

ఇల్లు కడుతున్న మనవాళ్ళకు ఒక మాట. సోఫా ఎప్పుడైనా కొనొచ్చు. ఉయ్యాల కొక్కేలు మాత్రం స్లాబు పోయకముందే కమ్మీలకు కట్టించాలి. ఊగేటప్పుడు కాళ్ళు గోడకు తగలకుండా ముందూ వెనకా చోటు వదలాలి. మా మేస్త్రీకి నేను చెప్పేశాను. ఫాల్స్ సీలింగు సంగతి పిల్లలు చూసుకుంటారు.