తలుపు మూసిన గది

గోదావరిఖనిలో భూగర్భగనికి పోవు కార్మికుడు ల్యాంపురూములో దీపము తీసికొని దిగును. పైకి వచ్చి దానిని అప్పగించును. ఒక్క దీపము తక్కువైనచో, రానివా డెవడని వెంటనే విచారింతురు. ఆ ప్రాంతమునుండియే పొట్టకూటికై కువైటుకు పోయినవాడు, పని ముగిసినపిదప గది తలుపు మూసికొని ఒంటరిగా త్రాగినచో, వాని దీపమును లెక్కించువా రెవరు? ఊరిలో ఈతవనమున కల్లు త్రాగువాడు తూలినను, భుజము పట్టి ఇల్లు చేర్చువాడొకడు ఉండును.

కువైటులో మద్యము నిషిద్ధము. అయినను త్రాగుడు మానలేదు, దొంగసారా పుట్టినది. 2025 ఆగస్టులో అచ్చట మిథనాలు కలిసిన సారా త్రాగి 160 మంది విషమునకు లోనైరి. 23 మంది మరణించిరి. బాధితులు ఆసియా దేశీయులని ఆ ప్రభుత్వమే ప్రకటించినది. ఈ విషము తత్క్షణమే చంపదు. మొదట మామూలు మత్తువలెనే యుండును. కొన్ని గంటలు గడచినపిదప చూపు మసకబారును, ఊపిరి బరువెక్కును. ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చినచో బ్రతుకవచ్చును. ఒంటరివానిని చేర్చువా రెవరు? నిద్రించుచున్నాడనియే ప్రక్కగదివారు తలంతురు.

న్యాయవాదులము గనుక మేము పరదేశపు చట్టమును ధిక్కరింపుమనము. కాని స్వదేశమునకు వెడలగొట్టుదురను భయమున ఆసుపత్రి గడప త్రొక్కనివాని గతి యేమి? త్రాగుబోతులను వెనుకవేసికొని వచ్చుచున్నారని మమ్ము ననువారు అనవచ్చును. నెలనెల సొమ్ము పంపితివా యని యడుగు ఇంటివారు, రాత్రి ఎవరితో కూర్చుండి భుజించితివని కూడ అడుగవలెను. చికిత్సకై వచ్చిన రోగిని శిక్షకు అప్పగింపవలదని మన రాయబార కార్యాలయము కువైటు ప్రభుత్వముతో మాటాడవలెను.