మేస్త్రీ అడ్వాన్సా? అప్రెంటిస్ కాగితమా?

రాచర్ల మండలంలోని ఒక పల్లె నుండి ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు రెండేళ్లు చదివి పాసయ్యాడు. రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరమని పిలుపు వచ్చింది. ఇంతలో ఊరి మేస్త్రీ బెంగుళూరులో కమ్మీలు కట్టే పనికి పంపితే అడ్వాన్సు ఇస్తానంటున్నాడు. "బోరు కోసం చేసిన అప్పు ఉంది. ఏడాదిపాటు ఆ కాస్త స్టైపెండ్‌తో ఎలా నెట్టుకురావాలి?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనదే. అప్పు లేనివారు సలహా చెప్పడం తేలిక. కనుక ముందు లెక్క చూద్దాం.

2019లో సవరించిన నియమాలు అప్రెంటిస్‌ల కనీస స్టైపెండ్‌ను చదువును బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయల దాకా నిర్ణయించాయి. ఇది మారుతూ ఉంటుంది గనుక మీ అబ్బాయికి వచ్చిన కాగితంలోని అంకెనే నమ్మండి. బస, భోజనం సొంతంగా చూసుకోవాలేమో కూడా అందులో చూడండి. చేతికి వచ్చే డబ్బు మాత్రమే చూస్తే మేస్త్రీ మాటే నెగ్గుతుంది.

అయితే ఆ కాగితం వెనుక 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉన్నది. ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి; పిల్లవాడు మైనరైతే తల్లి గాని తండ్రి గాని సంరక్షకులుగా సంతకం చేయాలి. ఇంత పనికి ఇంత అని ముక్కల లెక్కన డబ్బు కట్టరాదు. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించరాదు. శిక్షణలో గాయపడితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. చివర పరీక్ష పాసైతే దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. అడ్వాన్సు తీసుకొని వెళ్లినవాడికి ఇవేమీ వ్రాసి ఇచ్చేవారు లేరు. పదేళ్లు కమ్మీలు మోసినా అతని పని ఎంతటిదో చెప్పే కాగితం ముక్క ఉండదు.

ఒక నిజం దాచకూడదు. అప్రెంటిస్‌షిప్ అయిన వెంటనే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. అయితే రైల్వేలో లెవెల్-1 ప్రత్యక్ష నియామకాలలో 20 శాతం రైల్వే అప్రెంటిస్‌షిప్ ముగించినవారికి కేటాయించారు. పరీక్ష వ్రాయాలి, పోటీ ఉంటుంది. ఆ తలుపు దగ్గర నిలబడాలన్నా ఈ ఏడాది గడవాలి.

పని నేర్చుకొనే రోజుల్లో జీతం ఇవ్వడం మన దేశంలోనే కాదు. అమెరికాలో వంతెనలకు, మేడలకు ఉక్కు దూలాలు బిగించే ఇనుప పనివారు 1896లో తమ యూనియన్ స్థాపించుకున్నారు. అక్కడ కుర్రవాడు మూడు, నాలుగేళ్లు అప్రెంటిస్‌గా పని చేస్తూ చదువుతాడు. పనితనం పెరిగే కొద్దీ కూలీ పెరుగుతుంది. ఎత్తున నిలబడి చేసే పని గనుక, నేర్వనివాడి చేయి పక్కవాడి ప్రాణానికీ ముప్పేనని వారికి తెలుసు.

ఇంకా బడిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. రైల్వే అప్రెంటిస్‌ల ఎంపిక సాధారణంగా పదవ తరగతి, ఐ.టి.ఐ. మార్కులను బట్టే జరుగుతుంది. "పాసైతే చాలు" అనకండి. ఐ.టి.ఐ. వెల్డర్ ట్రేడు ఒక్క ఏడాదే. ఎనిమిదవ తరగతి పాసైనవారూ చేరవచ్చు. ఆడపిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది.

అమ్మా, అప్పు ఇచ్చినవారితో ఒకసారి మాట్లాడండి. ఏడాది గడువు అడగడం సిగ్గుపడవలసిన పని కాదు. ఇంట్లో మిగిలినవారు ఈ ఒక్క ఏడాది భారం కాస్త పంచుకోగలరేమో కూర్చుని ఆలోచించండి. అడ్వాన్సు ఒక్కసారి చేతిలో పడితే అది తీరేదాకా బిడ్డ మేస్త్రీ చెప్పినచోటికే పోవాలి. నేర్చిన పని మాత్రం ఎవరి బాకీకీ జమ కాదు. అబ్బాయిని అప్రెంటిస్‌గానే పంపండి.