సెలవు అడగాల్సింది డాక్టర్ని, చుట్టాల్ని కాదు

పిల్లాడికి క్యాన్సర్ వైద్యం జరుగుతున్న ఇంట్లో పండగ చేసుకోకూడదని ఏ శాస్త్రంలో రాసుందో ఎవరైనా చెబితే వినాలని ఉంది. పురుడంటే తెలుసు, మైలంటే తెలుసు, ఏటిసూతకమంటే తెలుసు. జబ్బు మైల అనేది మాత్రం నేను చూసిన ఏ పంచాంగంలోనూ లేదు. అయినా మనవాళ్ళు దాన్ని పాటిస్తారు, ఎదుటివాళ్ళ చేత కూడా పాటింపజేస్తారు.

మా చిన్నాడికి నాలుగేళ్ళప్పుడు, ఒక శ్రావణమాసంలో, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలింది. పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి వైద్యం నెలా రెండు నెలల్లో తేలిపోయేది కాదు, రెండేళ్ళ నుంచి మూడేళ్ళు పడుతుంది. మా వాడికి రెండున్నరేళ్ళు పట్టింది. ఆ రెండున్నరేళ్ళలో ఏమేం వచ్చాయో లెక్కపెట్టండి. మూడు వినాయకచవితులు, మూడు దసరాలు, మూడు దీపావళులు, మూడు సంక్రాంతులు, రెండు ఉగాదులు, రెండు వేసవి సెలవులు. నలభై దాటిన నాకు మూడు సంక్రాంతులు పోతే పెద్ద తేడా ఏమీ పడదు. నాలుగేళ్ళ పిల్లాడికి ఊహ తెలిసిన బాల్యంలో సగం అదే. "అన్నీ తగ్గాక చేసుకుందురుగానిలే" అనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వేసుకోరు.

మొదటి సంక్రాంతికి మేం హైదరాబాదులో హాస్పిటల్ దగ్గర అద్దెగదిలో ఉన్నాం. వాడి నెత్తిమీద వెంట్రుక లేదు. పచ్చి పళ్ళు, విడిపూలు వాడి దగ్గరికి తేవద్దన్నారు. అందుకని రేగుపళ్ళు, బంతిపూల రేకులు మానేసి, కాగితం చుట్టిన చాక్లెట్లూ సబ్బుతో కడిగి ఆరబెట్టిన రూపాయి బిళ్ళలూ కలిపి భోగిపళ్ళు పోశాం. పోసింది మా అమ్మ, నేను, మా ఆయన, మా పెద్దమ్మాయి. అంతే, నలుగురం. వాడు చాక్లెట్లు ఏరుకుంటూ ఎంత నవ్వాడో! వీడియో కాల్‌లో చూస్తున్న మా దగ్గరి బంధువు ఒకావిడ, "ఏవే, నెత్తిన వెంట్రుక లేనివాడికి భోగిపళ్ళేంటే? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంది. భోగిపళ్ళు పోసేది పిల్లాడి దిష్టి పోవాలనీ, చల్లగా ఉండాలనీ కదా! వాడికంటే ఆ దీవెన అవసరమైన పిల్లాడు ఆ రోజు ఇంకెవరున్నారు? జుట్టుకి పోస్తారా భోగిపళ్ళు, బిడ్డకి పోస్తారా?

ఆవిడ ఒక్కర్తినే అని ఏం లాభం, చాలామంది లోపల ఉన్న మాటే ఆవిడ బయటికి అంది. బిడ్డకి జబ్బు చేసిన తల్లి ఏడుస్తూ కనిపించాలి, పీక్కుపోయిన ముఖంతో నలిగిన చీరతో ఉండాలి. నవ్విందా, మనసు రాయి. మంచి చీర కట్టిందా, "దానికేం పట్టింది?" ఇదే జబ్బు బిడ్డ తండ్రి స్నేహితులతో ఒక పూట బయటికి వెళ్తే "పాపం, కాస్త తేరుకోవాలిగా" అంటారు. దుఃఖం కూడా ఆడదాని ఇంటిపనుల్లో ఒకటైపోయింది, అది సరిగ్గా చేస్తోందో లేదో చూసేందుకు మళ్ళీ మనమే పర్యవేక్షకులం. నాలుగేళ్ళ పిల్లాడు లోకాన్ని చూసేది అమ్మ ముఖంలోనే. ఆ ముఖం రెండున్నరేళ్ళు చావింటి ముఖంలా ఉంటే వాడికి ఏం అర్థమవుతుందో ఆ మాటలన్నవాళ్ళు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండును.

ఇక రెండో రకం వాళ్ళున్నారు. వాళ్ళు పండగ వద్దనరు. ముప్ఫైమందితో వచ్చి చేస్తామంటారు. దగ్గుతూ వచ్చి బిడ్డని ఒళ్ళో కూర్చోపెట్టుకుంటారు. "దేవుడి దగ్గరికెళ్తే ఏమీ కాదమ్మా" అని క్యూలైన్ల తోపులాటలోకి పిల్లాణ్ణి తీసుకెళ్ళమంటారు. పొద్దున కోసి పెట్టిన పళ్ళముక్కలు సాయంత్రం ప్రసాదమని నోట్లో పెట్టబోతారు. కీమో తర్వాత ఒంట్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పడిపోతాయి. అవి 500 కన్నా తగ్గినప్పుడు మనకి మామూలు జలుబు తెచ్చే క్రిమి కూడా ఆ బిడ్డని ఐసీయూకి చేర్చగలదు. జ్వరం 100.4 తాకితే పండగ లేదు, అర్ధరాత్రి లేదు, వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. మొక్కు తీర్చుకోడానికి దేవుడు గడువు పెట్టలేదు. మేం మా మొక్కు వైద్యం పూర్తయ్యాకే తీర్చుకున్నాం, ఆయన ఏమీ అనుకోలేదు.

పండగ వద్దనేవాళ్ళూ, పండగ మీద పడేవాళ్ళూ చేసేది ఒకటే. ఇద్దరూ పిల్లాడి సంగతి అడగరు. ఆ వారం కౌంట్స్ ఎలా ఉన్నాయి, డాక్టరు ఏమన్నారు, ఏం తినొచ్చు అని అడిగితే దారి దొరుకుతుంది. ఉగాది పచ్చడికి మామిడికాయ బాగా కడిగి చెక్కు తీశాను, చింతపండు రసం మరిగించాను, వేపపువ్వు నేతిలో వేయించాను. చవితినాడు పత్రి, మట్టి విగ్రహం హాల్లో ఉంచి మా పెద్దది పూజ చేసింది. వాడు లోపలి గదిలో కూర్చుని తడిపిన గోధుమపిండితో తనకో వినాయకుణ్ణి చేసుకున్నాడు. ఉండ్రాళ్ళు ఆవిరి మీద ఉడికేవే కదా, వేడివేడిగా తిన్నాడు. స్టెరాయిడ్ మందులు నడుస్తున్న రోజుల్లో అయితే అర్ధరాత్రి రెండింటికి లేచి పప్పన్నం అడిగేవాడు. ఆ ఆకలి తెలిసిన తల్లికి ఉండ్రాళ్ళు వండటం ఒక లెక్కా?

సెలవులకి ఊరెళ్ళటం కూడా ఇంతే. రెండో వేసవికి వాడు మెయింటెనెన్స్ దశలో ఉన్నాడు, అంటే రోజూ ఇంట్లోనే మాత్రలు వేసుకునే దశ. సముద్రం చూస్తానని ఏడాదిగా అడుగుతున్నాడు. డాక్టర్ని అడిగాం. ముందురోజు రక్తపరీక్ష చేసి, వైద్యం వివరాలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి, నీళ్ళలోకి పాదాలవరకే అని చెప్పి పంపించారు. ఊళ్ళన్నిట్లో విశాఖపట్నాన్నే ఎంచుకోడానికి కారణం బీచ్ ఒక్కటే కాదు, జ్వరమొస్తే గంటలోపు చేరగల పెద్ద హాస్పిటల్ ఉండాలని. థర్మామీటరు, ఫైలు, మాత్రలు నా హ్యాండ్‌బ్యాగులోనే. రాత్రి మాత్ర ఒక్కటీ తప్పలేదు. పిల్లాడు బాగానే కనిపిస్తున్నాడు కదా అని పండగల్లో, ప్రయాణాల్లో ఆ మాత్ర మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. సరదాకీ జాగ్రత్తకీ ఒకే సంచీలో చోటుంటుంది, సర్దుకునే ఓపిక ఉండాలంతే.

ఆ ఫోటో ఒకటి మా ఆయన కుటుంబం గ్రూపులో పెట్టారు. "సాయమడిగినప్పుడు డబ్బుల్లేవన్నారు, షికార్లకెక్కడివో" అని ఒకరు రాశారు. ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను. మాకు డబ్బిచ్చిన ప్రతివాళ్ళకీ ఋణపడి ఉన్నాం, పైసాతో సహా లెక్క రాసుంది. విశాఖలో రెండు రాత్రులకైన ఖర్చు హైదరాబాదు గది ఒక నెల అద్దెకన్నా తక్కువ. కానీ ఆ లెక్క నేను చెప్పుకోవాల్సి రావడమే తప్పు. మీరు బిడ్డ వైద్యానికి సాయం చేశారు, బిడ్డ నవ్వుకి కాపలా ఉద్యోగం కొనుక్కోలేదు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు వచ్చాక హాస్పిటల్ బిల్లు భారం చాలామందికి తగ్గింది. గది అద్దె, బస్సు ఛార్జీలు, పోయిన జీతం మాత్రం ఇంటివాళ్ళే మోయాలి. 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్ళు హైదరాబాదులోనూ ఇలాంటి కుటుంబాలకి ఉచితంగా బస ఇస్తున్నారు. అలాంటి చోట్ల కూడా పిల్లలకి బస ఒక్కటే ఇచ్చి ఊరుకోరు, చదువూ ఆటలూ చూస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి తెలిసిన సంగతి మన రక్తసంబంధీకులకి ఎందుకు తెలియదు?

1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చేసింది. 1992లో మన దేశం కూడా ఒప్పుకుంది. అందులో 31వ అధికరణం పిల్లలకి విశ్రాంతి, ఆట, వినోదం హక్కులని చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి మాత్రమే అని అందులో లేదు. డిగ్రీలో తెలుగు చదివినదాన్ని కాబట్టి ఇంకోమాట కూడా చెబుతాను. మన భాషలో సెలవు అంటే విరామం, సెలవు అంటే వీడ్కోలు, సెలవు అంటే అనుమతి. రోగి ఇంటివాళ్ళు విరామం తీసుకోబోతే అనుమతి ఇచ్చే పని మనవాళ్ళు వాళ్ళకి వాళ్ళే నెత్తినేసుకున్నారు.

మా పెద్దమ్మాయి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. దానికప్పుడు పదేళ్ళు. పుట్టినరోజు చేద్దామంటే "తమ్ముడు అలా ఉంటే దీనికి కేకు కావాలా, పెద్దదేగా, సర్దుకోదూ?" అన్నారు. పదేళ్ళది పెద్దదెలా అవుతుంది? అప్పటికే అది అమ్మలేని ఇంట్లో నెలలకొద్దీ ఉంది, జడ తనే వేసుకోవడం నేర్చుకుంది. జబ్బు ఒకరికే, కానీ బాల్యం ఇద్దరిదీ పోవాలంటే నేను ఒప్పుకోలేదు. కేకు కోయించాను.

మందులు ఆపి రెండేళ్ళయింది, వాడు బాగున్నాడు. బాగున్నాడు కాబట్టి ఇన్ని కబుర్లు చెబుతున్నానని మాత్రం అనుకోకండి. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా బతుకుతున్నారు. ప్రపంచం మొత్తం మీద 2030 నాటికి కనీసం 60 శాతమైనా బతకాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యమే అంత ఉందంటే ఇప్పటి పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. మా వాడితో పాటు వార్డులో ఉన్న పిల్లలందరూ ఇంటికి రాలేదు. వాళ్ళ తల్లుల్లో ఒకామె, "ఆ దీపావళికి చిచ్చుబుడ్డి అడిగాడక్కా, వచ్చే ఏడు కొంటానన్నాను" అని నాతో చెప్పింది. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళంతా "ఇప్పుడెందుకు" అన్నవాళ్ళే. వాయిదా వేయమని సలహా ఇచ్చేటప్పుడు ఆ వచ్చే ఏడు తెచ్చిచ్చే పూచీ ఎవరిది?

కాబట్టి మీ చుట్టాల్లోనో, వీధిలోనో ఇలాంటి ఇల్లుంటే ఈ పండక్కి ముందు ఫోన్ చేయండి. "కౌంట్స్ ఎలా ఉన్నాయి, మేం రావచ్చా?" అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. రమ్మంటే జలుబూ దగ్గూ లేనివాళ్ళే ఇద్దరు వెళ్ళండి, చేతులు కడుక్కోండి, బిడ్డ ముందు ఏడవకండి. అక్కో అన్నో ఉంటే ఒక పూట సినిమాకి తీసుకెళ్ళండి. ఆ తల్లి కొత్త చీర కట్టుకుని ఎదురొస్తే, "బాగుందే చీర, ఎక్కడ కొన్నావు?" అనండి చాలు.